తుప్పు పట్టించడం

బొటనవేలంత సైనికుడు.
సోడా సీసా మూతకి బంకతో అంటించి
మూత పట్టుకుని రంగు వేస్తాను,
నా వేళ్ళ జిడ్డు వాడికి తగలకుండా.
కొమ్ముల శిరస్త్రాణం, చేటంత డాలు.
ఏ రాజ్యం వాడో పెట్టె మీద రాయలేదు.
నేనే అనుకున్నాను: ఓడిపోయిన రాజ్యం.
మూడేళ్ళుగా జీతం అందని కోట కాపలా.

మొదటిసారి వెండిరంగు నిండుగా పూశాను.
కొత్త స్టీలు చెంబులా మెరిశాడు.
యుద్ధం చూసిన వాలకమే లేదు.

ఆటోనగర్లో
నాగుల్‌మీరా బాబాయి షెడ్డుకి తీసుకెళ్ళాను.
నలభై ఏళ్ళుగా లారీల తుప్పు గీకి, పుట్టీ పెట్టి
కొత్త బండేనని నమ్మించిన చెయ్యి.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
వాణ్ణి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.
"తుప్పు కావాలా నీకు?
దాన్ని దాచడానికే పోయింది నా వయసంతా.
కూచో. అదెక్కడ దాక్కుంటుందో నాకు తెలీకపోతే ఎవరికి తెలుసు."

నీళ్ళు ఎక్కడ ఆగుతాయో చూడమన్నాడు.
రేకు నడిమధ్యన మొదలవదట అది.
రివెట్ తల కింద,
రేకు మీద రేకు ఎక్కిన చోట,
పట్టీ బిగించిన చంకలో, చెమట ఇంకే మెడ దగ్గర.
"వాన కడిగేసి పోతుందమ్మా. నిలవనీరే తినేది."

అందుకని ఇప్పుడిలా చేస్తాను.
అడుగున నల్లరంగు. ఆరాలి,
ఫ్యాను కింద మాత్రం కాదు, దుమ్ము పడుతుంది.
వెంట్రుకలు విరబోసుకున్న పాత కుంచెని
వెండిలో ముంచి, బనీను గుడ్డకి తుడిచి, తుడిచి,
ఇక ఏమీ మిగల్లేదనిపించాక
అంచుల మీద విసురుగా రాస్తాను.
లేదనుకున్న రంగే అంచులకి అంటుతుంది.

తర్వాత గోధుమరంగు, డికాషనంత పలచన.
వదిలితే చాలు, సందుల దారి దానికే తెలుసు.
గిన్నెలు తోమే స్పాంజి గోరంత తుంచి
ఇటుక రంగులో అద్ది, సగం కాగితానికి వదిలించి
అక్కడోటి, ఇక్కడోటి.
లెక్కగా పడ్డాయో, చుక్కల చీరే.
చివర్న మిరప రంగు. కోతనాటి ఎరుపు పనికిరాదు,
గుంటూరు యార్డులో ధర కోసం ఆగి ఆగి
వెలిసిపోయిన తాలుకాయ రంగు కావాలి.
ఒక్క బొట్టు.

కొమ్ములు ఇత్తడివి. వాటికి చిలుము.
ఆకుపచ్చా కాని నీలమూ కాని ఆ రంగుకి
మైలుతుత్తం కలిపిన బకెట్టు గుర్తుచేసుకున్నాను.

అయినా ఏదో తక్కువ.

రాత్రి పదకొండింటికి, సింగ్‌నగర్ ఇంట్లో,
పిన్నీసు కోసం బీరువా కింది సొరుగు లాగాను.
ఊరికే రాదు. బుడమేరు ఇంట్లోకొచ్చి పోయినప్పటి నుంచీ
కాలితో ఒక తన్ను తన్ని లాగాలి.
పెయింటు వేయిద్దామంటాడు అన్నయ్య, వేయించడు.
కింద చతికిలబడి
మొదటిసారి దాన్ని పనివాళ్ళు చూసినట్టు చూశాను.
నడుమెత్తున ఒక గీత.
గీతకి పైన అమ్మ ఏరికోరి కొన్న లేతనీలం.
కింద పొక్కులు. పొక్కు పగిలిన చోట గోధుమ.
ఆ గోధుమలోంచి చారలు,
నిట్టనిలువుగా, కిందికి.
తుప్పు కారుతుందన్న సంగతే మర్చిపోయాను నేను.

పిన్నీసు సంగతి వదిలేసి
సన్నకుంచెతో డాలు మీద
ఒక్కో రివెట్ నుంచి ఒక్కో చార లాగాను.
మోకాళ్ళ దాకా బురద, ఒకే మట్టంలో.
ఏ నీళ్ళలో నిలబడ్డాడో, ఎన్ని రాత్రుళ్ళో.
అన్నయ్యకి చెప్పాను, బీరువాని ఇంకో నెల ఆగనిమ్మని.

బాబాయి వాణ్ణి అటూ ఇటూ తిప్పి
గోరుతో గీకబోయి, ఆగి,
"దీని రిపేరుకి ఎంతవుతుందో చెప్పనా?" అన్నాడు.
ఆ మాట మీద ఆ పూట అన్నం తినడం మర్చిపోయాను.

కత్తి అంచు ఒక్కటే తళుక్కుమంటోంది.
అక్కడ తుప్పు పెట్టలేదు.
జీతం రాకపోయినా
రోజూ దాన్ని నూరుకునే వాడేమోనని.